తెల్లవారకముందు కోసిన ఆకులు

1955 జనవరిలో నన్ను బనగానపల్లెకు వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. అంతకుముందు కడప జిల్లాలో వేరుశనగ చేల వెంట తిరిగేవాణ్ణి. డిమాన్‌స్ట్రేటరంటే వ్యవసాయ పట్టా చదివినవాడికి మా శాఖలో దొరికే మొదటి మెట్టు. పైన జిల్లా వ్యవసాయాధికారి, ఆయన పైన డిప్యూటీ డైరెక్టరు. కింద ఇద్దరు మేస్త్రీలు, ఒక సైకిలు. మేస్త్రీలు ఎప్పుడూ విత్తనాల పంపిణీకని ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు కాబట్టి నిజానికి నా కింద ఉన్నది సైకిలొక్కటే. రైతుల దగ్గరికి వెళ్ళి, శాఖవారి సలహాలు చెప్పి, వాళ్ళు వాటిని నమ్మేలా చేయడం నా ఉద్యోగం. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. నమ్మించడానికే నాకు జీతమిచ్చారు.

అప్పట్లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. భవనాలు చాలక చాలా కచేరీలు డేరాల్లో నడిచేవి. మా డిప్యూటీ డైరెక్టరు గారు కూడా డేరాలోనే కూర్చునేవారు. ఆయన పేరు రాయను. రాస్తే ఆయన మనవలు నొచ్చుకుంటారు, వాళ్ళేం పాపం చేశారు? ఆయన మెత్తని మనిషి. గొంతు పెంచరు. అంతకంటే ముఖ్యం, ఆయన నాకు గురువు. వ్యవసాయ కళాశాలలో మాకు వృక్షశాస్త్రం చెప్పింది ఆయనే. ఆకు ఎండలో ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో నేను ఆయన నోటివెంటే మొదట విన్నాను. ఇన్నేళ్ళయినా నా కోపం చల్లారకపోవడానికి అదే కారణం. తెలియక చేసినవాణ్ణయితే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

బనగానపల్లెకు కొద్ది దూరంలో మాబుసాబు అనే రైతుకు బేనిషా మామిడితోట ఉండేది. బయటివాళ్ళు బంగినపల్లి అనే కాయనే అక్కడివాళ్ళు బేనిషా అంటారు. యాభై దాటిన మనిషి. శాఖ ఏం చెప్పినా మొదట చేసి చూసేది ఆయనే. చెట్ల మొదళ్ళకు పాదులు కట్టమంటే కట్టాడు. పచ్చిరొట్ట వేయమంటే వేశాడు. పక్క రైతులు "సర్కారు సాబు" అని ఎగతాళి చేస్తే నవ్వేవాడు. నాకు ముందు పనిచేసినవాళ్ళంతా తమ నివేదికల్లో ఆయన్ని ఆదర్శ రైతుగా చూపించుకున్నారు, నేనూ చూపించుకున్నాను.

తోటకు పడమట, బండి బాట దాటగానే, ఓబుళయ్య అనే కాంట్రాక్టరు సున్నపు బట్టీ పెట్టాడు. ఆ నేలంతా సున్నపురాయే కాబట్టి రాయికి కొదవ లేదు. రాజధానిలో కట్టడాలు లేస్తున్నాయి కనుక సున్నానికీ గిరాకీ తగ్గదు. బట్టీ కాలేటప్పుడు పొగ, కాలిన రాయిని దించి నీళ్ళు చల్లి జల్లెడ పట్టేటప్పుడు దుమ్ము. ఆ దుమ్ము పడమటిగాలికి నేరుగా తోటమీదికి వచ్చేది. ఊరికే దుమ్మయితే ఒక వానకు పోతుంది. సున్నం దుమ్ము అలా పోదు. తెల్లవారుజామున పడే మంచుకు తడిసి, పొద్దెక్కాక ఎండి, ఆకుమీద గోడకు వేసిన వెల్లలాగా పట్టేస్తుంది. వేలితో గీకితే పెచ్చులూడేది.

బట్టీ వచ్చిన రెండో ఏటినుంచి అటువైపు వరసల్లో పూత పల్చబడింది. వచ్చిన పిందె కూడా గోలీకాయంత అయ్యేసరికి రాలిపోయేది. కాయ దిగకముందే తోటను గుత్తకు తీసుకునే వ్యాపారులు ఆ వరసల దగ్గరికి వచ్చి, చూసి, మాట్లాడకుండా వెనక్కి తిరిగేవాళ్ళు. బట్టీ లైసెన్సు గడువు తీరి ఆ వేసవిలో తిరగరాయాల్సి ఉంది. దాన్ని అక్కడినుంచి తీయించమని మాబుసాబు నంద్యాలలో సబ్ కలెక్టరు గారికి అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ మా శాఖ అభిప్రాయానికి వచ్చింది. బట్టీ పోవాలా, తోట పోవాలా అన్నది మేం చెప్పే మాటమీద ఆధారపడింది.

నేను తోటకు వెళ్ళినప్పుడు మాబుసాబు అన్న మాటలు ఇవి: "ముసలి చెట్లు గావు సారూ ఇవి. మా నాయన పెట్టినాడు. మామిడికి ఇదేం వయసు? మొన్నమొన్నటిదాకా కొమ్మలకు ఊతకర్రలు పెట్టాల్సి వచ్చేది. ఆ బట్టీ వచ్చినాంక ఇట్లయినాది."

ఓబుళయ్య ఊరుకుంటాడా? ఆయన వాదన ఆయనది. నీళ్ళు లేక కాయడం లేదన్నాడు. ఆ రెండేళ్ళూ వాన తక్కువన్నది నిజమే. బావి పక్కన ఉన్న ఒక చెట్టు మాత్రం విరగకాసింది. ఆ చెట్టు కింది కొమ్మల్ని మాబుసాబు భార్య ఖాసింబీ తరచూ కడుగుతుండేది. సున్నం పట్టిన ఆకును మేకలు ముట్టవు, వాటికి వేయడానికని కడిగేది. కడిగినందుకు కాసిందని వీళ్ళంటే, బావిలోంచి నీళ్ళు తోడే ఎద్దుల కపిల తోలేటప్పుడు కాలవ నీళ్ళు దాని మొదట్లోకి పోతున్నాయి కాబట్టి కాసిందని ఓబుళయ్య అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. ఆకు ఆహారం తయారుచేసుకోవడానికి అయిదు సరిగ్గా కుదరాలి. ఎండ వెలుగు, వేరునుంచి వచ్చే నీరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, తగుమాత్రం వేడి, ఆకులోని పచ్చదనం. దీన్నే కిరణజన్య సంయోగక్రియ అంటారు. వీటిలో ఏది తక్కువైతే పని ఆ మేరకే నడుస్తుంది, మిగతావి ఎన్ని రెట్లు పెంచినా లాభం లేదు. పొయ్యిలో మంట చాలనప్పుడు ఎసట్లో ఇంకో శేరు బియ్యం పోస్తే అన్నం ఎక్కువ కాదు కదా. మన సీమలో వెలుగుకు కరువు లేదు. మామూలుగా ఇక్కడ పని ఆపేది నీరు, వేడి. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోయేటప్పుడు మామిడి ఆకు తన అడుగున ఉన్న సన్నని రంధ్రాలు మూసుకుంటుంది. నీరు ఆవిరైపోకుండా కాపాడుకోవడానికి. అవి మూసుకుంటే గాలీ లోపలికి పోదు, పని మందగిస్తుంది. అందుకే వేసవిలో మన చెట్లకు అసలైన పనివేళ పొద్దెక్కినప్పటినుంచి ఎండ ముదిరేదాకా. సరిగ్గా ఆ వేళలో ఆకుమీద సున్నం పొర ఉంటే వెలుగు లోపలికి దిగదు. వెలుగుకు కరువే లేని చోట ఆ చెట్లను బట్టీ చీకట్లో పెట్టింది.

ఇది నా అనుమానం మాత్రమే. తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఆకు తయారుచేసిన ఆహారంలో కొంత పగలు పిండిపదార్థంగా ఆకులోనే నిలవుంటుంది. ఆకును కోసిన వెంటనే మరిగే నీళ్ళలో ముంచి, స్పిరిట్టులో వేడిచేసి పచ్చరంగు తీసేసి, పాలిపోయిన ఆ ఆకుమీద అయొడిన్ చుక్కలు వేస్తే, పిండి ఉన్నచోట సిరాలాగా నల్లబడుతుంది. లేనిచోట అయొడిన్ రంగే గోధుమగా మిగులుతుంది. బడిపిల్లలు కూడా చేయగలిగిన పరీక్ష. ఒకే కొమ్మమీద కొన్ని ఆకులు తుడిచి, కొన్ని తుడవకుండా వదిలితే నీటి వాదన కూడా తేలిపోతుంది. వేరు ఒకటే, నీరు ఒకటే, వేడి ఒకటే, గాలి ఒకటే. తేడా ఏదైనా కనపడితే అది దుమ్ము తెచ్చిన తేడానే.

అయితే ఇందులో మర్చిపోకూడనిది ఒకటుంది. రాత్రి ఆకు పనిచేయదు. పగలు దాచుకున్న పిండిని రాత్రంతా కరిగించి కాయకూ కొమ్మకూ వేరుకూ పంపేస్తుంది. తెల్లవారేసరికి ఇల్లు ఊడ్చినట్టు ఖాళీ. కాబట్టి పరీక్షకు ఆకులు పొద్దెక్కాక కోయాలి. తెల్లవారకముందు కోస్తే శుభ్రమైన ఆకూ, సున్నం పట్టిన ఆకూ ఒకే రంగు చూపిస్తాయి. ఈ సంగతి మాకు కళాశాలలో చెప్పింది ఎవరో మీకిప్పుడు తెలుసు.

పరీక్ష చేస్తానని నేను పైకి రాశాను. దరిమిలా డిప్యూటీ డైరెక్టరు గారే స్వయంగా వచ్చి చేస్తారని జవాబొచ్చింది. నేను సంతోషించాను. గురువుగారు వస్తున్నారని మాబుసాబుకు కూడా గొప్పగా చెప్పుకున్నాను. ఆయన వచ్చిన రోజున నన్ను విత్తనాల లెక్క చూడమని నంద్యాల పంపారు. తిరిగొచ్చేసరికి జీపు వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు నివేదిక ప్రతి నాకు వచ్చింది.

దాని సారాంశం ఇది. బట్టీకి దగ్గరున్న చెట్ల ఆకుల్లోనూ, దూరంగా ఉన్న చెట్ల ఆకుల్లోనూ పిండిపదార్థం విషయంలో తేడా కనిపించలేదు. సున్నపు బట్టీనుంచి వెలువడే బొగ్గుపులుసు వాయువు మొక్కల ఆహార తయారీకి అవసరమైనదే, హాని చేసేది కాదు. కాపు తగ్గడానికి నీటి ఎద్దడి, వేసవి వేడి, చెట్ల సత్తువ తగ్గడం కారణాలు కావచ్చు. బట్టీవైపు వరసల్లోని చెట్లను తీసివేసి, కొత్త అంట్లు నాటుకోవడం రైతుకు లాభదాయకం.

బట్టీ పొగ తోటకు మేలే చేస్తుందట! చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా మొదటి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. తేడా ఎందుకు కనిపించలేదు? గురువుగారు పొరపాటు చేయరు. ఆయన చేతిలో అయొడిన్ తప్పదు. సైకిలేసుకుని తోటకు పోయాను.

మాబుసాబు పొలంలో లేడు. ఖాసింబీ మేకలకు ఆకులు కడుగుతూ ఉంది. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే ఆమె కోపంగానే చెప్పింది. "అదేం పరీక్ష సారూ! ఇంగా చుక్కలు కనపడతాండాయి. నేను పొయ్యి గూడ ముట్టించలే. జీపు దిగినారు, బ్యాటరీలైటు ఏసుకోని ఆకులు కోసినారు. చాయ తాగి పోండయ్యా అంటే పెద్దాయన వద్దన్యాడు."

ఎండ వచ్చాక మళ్ళీ కోశారా అని అడిగాను.

"యాడ! పొద్దు పొడిసేతలికి బంగళాకు పోయినారు. ఓబుళయ్య బంగళానే గదా. రాత్రి కూడా ఆడనే పండుకున్యారు."

అక్కడే కాలవగట్టుమీద కూర్చుండిపోయాను. కోపమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అంతకుముందు నాకొచ్చినవన్నీ విసుగులు.

రెండు రోజులు సెలవు పెట్టి కర్నూలు వెళ్ళాను. డేరాలో ఆయన ఎదుట నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. తెల్లవారకముందు కోసిన ఆకులో పిండి ఉండదని మాకు మీరే చెప్పారు సార్ అన్నాను. ఆయన మెత్తగా నవ్వి, నా నివేదికలో అబద్ధం ఒక్కటి చూపించు అన్నారు. చూపించలేకపోయాను. తేడా కనిపించలేదన్నది నిజం. బొగ్గుపులుసు వాయువు మొక్కకు కావాలన్నది నిజం. వాన తక్కువన్నదీ నిజమే. ఏ వేళకు కోశామో రాయాలని ఏ నిబంధనలోనూ లేదని కూడా ఆయనే గుర్తుచేశారు. చిన్నవాడివి, ఆవేశపడకు, ముందు ముందు చాలా సర్వీసుంది అని భుజం తట్టి పంపారు. ఆయన ఓబుళయ్య దగ్గర ఏమైనా తీసుకున్నారా, లేక బంగళా మర్యాదలకే కరిగిపోయారా నాకు తెలియదు. తెలియనిది రాయను. ఆకులో ఏముంటుందో తెలిసినవాడు ఆకు ఖాళీగా ఉన్న వేళ చూసి కోశాడు. నాకు తెలిసింది అంతే, అది చాలు.

అక్కడినుంచి బస్సెక్కి నేరుగా నంద్యాల పోయి సబ్ కలెక్టరు గారిని కలిశాను. డిమాన్‌స్ట్రేటరు తన పై అధికారిని దాటి రెవెన్యూవాళ్ళ గడప తొక్కడం మా శాఖలో పెద్ద తప్పు. తరవాత మెమో వచ్చింది, సంజాయిషీ రాసుకున్నాను, ఆ ఏడు ఇంక్రిమెంటు ఆగింది. ఆగనీ. సబ్ కలెక్టరు నా ఈడువాడే. ఓపిగ్గా విన్నాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఎదుట, పట్టపగలు, పరీక్ష తిరిగి చేయమని ఉత్తరువిచ్చాడు.

పరీక్షకు స్పిరిట్టు కావాలి. అవి మద్యనిషేధం రోజులు. స్పిరిట్టు సీసా చేతిలో ఉంటే సాక్షాత్తూ డిమాన్‌స్ట్రేటరునైనా కానిస్టేబులు పట్టుకుంటాడు. దానికి పర్మిట్టు కావాలి, పర్మిట్టుకు నా ఇండెంటుమీద డిప్యూటీ డైరెక్టరు గారి సంతకం కావాలి. సంతకం రాలేదు. గుర్తుచేస్తూ రాశాను. దానికి జవాబుగా నన్ను కడప జిల్లా రాయచోటి వైపు వేరుశనగ విత్తనాల పంపిణీకి డెప్యుటేషన్‌మీద పొమ్మని ఉత్తరువొచ్చింది.

పోయేముందు మాబుసాబును కలిసి, తొందరపడొద్దు, పరీక్ష మళ్ళీ చేయిస్తాను, ఆ కాగితాన్ని పట్టించుకోవద్దు అని చెప్పాను. ఆయన తలూపాడు. కానీ ఆయన ముఖంలో నేను ఎప్పుడూ చూడని ఒక అనుమానం కనిపించింది. ఇన్నాళ్ళూ సర్కారు మాట వినమని చెప్పిన మనిషి ఇప్పుడు సర్కారు మాట వినొద్దంటున్నాడేమని ఆయనకు తోచి ఉంటుంది.

వేసవంతా రాయచోటిలో గడిచింది. విత్తనాల మూటలు, బండ్లు, రైతుల వేలిముద్రలు. అక్కడినుంచే సబ్ కలెక్టరు గారికి ఒక కార్డు రాస్తే, ఆయన స్పిరిట్టు సంగతి తనే చూశాడు. ఆస్పత్రినుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పేర ఒక సీసా ఇప్పించాడు. జూన్ మొదట్లో, ఇంకా వానలు పడకముందు, నాకు డెప్యుటేషన్ ముగిసింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, నేను, స్టవ్వు, గాజు పాత్రలు, స్పిరిట్టు అన్నీ ఒక బండిలో వేసుకుని తోటకు బయల్దేరాం. నేను ఉత్సాహంగానే ఉన్నాను. దారి పొడుగునా ఇన్‌స్పెక్టరుకు పరీక్ష వివరిస్తూనే ఉన్నాను.

బండి మలుపు తిరిగాక బట్టీ కనిపించింది. ఆ మలుపు దగ్గరినుంచి బట్టీ ఎప్పుడూ కనిపించదు. మధ్యలో చెట్లుంటాయి. ఆ చెట్లు లేవు.

బట్టీవైపు వరసలన్నీ కొట్టేసి ఉన్నాయి. మొద్దులు కూడా తవ్వి తీసి, ఆ పక్కనే కొత్త అంట్లకు గుంతలు తీశారు. గుంతలు చక్కగా, మేం చెప్పే కొలతల ప్రకారం తీసి ఉన్నాయి. కట్టె బట్టీకే పోయిందని తరవాత తెలిసింది. కట్టె కొనడానికి ఓబుళయ్యకంటే దగ్గరివాడు లేడు మరి.

మాబుసాబు మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. మర్యాదలు చేయబోయాడు. నేను ఎందుకు కొట్టించావని అరిచాను. ఆ మనిషిమీద అరిచే హక్కు నాకు లేదు, అయినా అరిచాను. ఆయన నొచ్చుకోకుండా నెమ్మదిగా చెప్పాడు. "నిన్ను వేరే ఊరికి మార్చినారు, ఇంక రావు అని చెప్పినారు సారూ. అంట్లు నాటాలంటే ఎండాకాలంలోనే గుంతలు తీయాల, నువ్వే గదా చెప్పినావు. ఆ పెద్దాయన సర్కారు కాగితంమీద రాసినాడు, చెట్లలో సత్తువ లేదని. లేనిదాన్ని ఎన్నేండ్లు కాపెట్టుకోవాల?"

ఆయన తప్పేమిటో నాకు చెప్పండి. శాఖ చెప్పింది చెప్పినట్టు, చెప్పిన కాలంలో, చెప్పిన కొలతలతో చేశాడు. మాట వినని పక్క రైతైతే ఆ కాగితాన్ని చుట్టి చూరులో పెట్టేవాడు, అతని తోట నిలిచేది. మా మాట నమ్మినవాడికే ఈ గతి పట్టింది.

ఇన్‌స్పెక్టరు ఇక వెళ్దామా అన్నాడు. నేను వినలేదు. కొట్టేసిన వరసల పక్కన మిగిలిన మొదటి వరస ఉంది. దుమ్ము ఇప్పుడు నేరుగా దానిమీదే పడుతోంది. ఒక కొమ్మకు గొడుగు బట్టతో కుట్టిన నల్లని ముసుగు తొడిగాం, ఆకుల్లో ఉన్న పిండంతా పోవడానికి. ఖాసింబీయే కుట్టింది. రెండు రాత్రులు గడిచాక, తెల్లవారి ముసుగు తీసి, కొన్ని ఆకుల్ని తడిగుడ్డతో తుడిచాం, వాటి పక్కవాటిని సున్నంతోనే వదిలేశాం. పొద్దెక్కి, ఎండ ముదరకముందు, రెండు రకాలూ కోశాం. మామిడి ఆకు మందం కాబట్టి స్పిరిట్టులో ఎక్కువసేపే ఉంచాల్సి వచ్చింది. స్పిరిట్టు పాత్రను మంటమీద పెట్టకూడదు, అంటుకుంటుంది. వేడినీళ్ళలో ఉంచి కాచాం. పచ్చదనం దిగి, ఆకులు నానిన కాగితంలా పాలిపోయాయి. పింగాణీ పళ్ళెంలో పక్కపక్కన పరిచి అయొడిన్ వేశాను.

తుడిచిన ఆకులు చూస్తుండగానే నల్లబడ్డాయి. సున్నం ఆకులు గోధుమరంగులోనే ఉన్నాయి. కొన్నింటిమీద సున్నం పెచ్చు ఊడిన చోట మాత్రం చిన్న నల్లని మచ్చ కనిపించింది. అంతకంటే స్పష్టమైన ఫలితం నా సర్వీసులో మళ్ళీ చూడలేదు. ఇన్‌స్పెక్టరు సంతకం చేశాడు. నేను గెలిచినట్టు తల ఎత్తి చుట్టూ చూశాను.

మాబుసాబు పళ్ళెంమీదికి వంగి చూస్తున్నాడు. నలుపంటే ఏమిటని అడిగాడు. ఆకు తిండి తయారుచేసుకుందని అర్థం అన్నాను. ఇది నల్లగా ఎందుకు కాలే అని రెండోదాన్ని చూపించాడు. సున్నం అడ్డం పడి వెలుగు తగల్లేదు, తుడిస్తే ఇదీ చేసుకుంటుంది అన్నాను.

"అంటే, నా చెట్లు మంచివేనంటావా సారూ?"

"మంచివే" అన్నాను.

"సత్తువ ఉన్నిందా వాటికి?"

ఉందని తలూపాను. ఆయన కొట్టేసిన వైపు చూడలేదు. నావైపే చూస్తూ అడిగాడు: "మరి ఇప్పుడెందుకు చూపిస్తాండావప్పా నాకు ఇది?"

ఖాసింబీ పళ్ళెం తీసుకుపోయి నీళ్ళు పోసి కడిగేసింది.

తరవాతి సంగతులు పొడిగానే చెప్తాను. సబ్ కలెక్టరు మా పరీక్ష ఫలితం చూసి బట్టీ లైసెన్సు తిరగరాయలేదు. ఓబుళయ్య బట్టీని ఇంకో గుట్ట పక్కకు మార్చుకున్నాడు. అక్కడ తోటలు లేవు కాబట్టి ఎవరూ అడగలేదు. మాబుసాబు అంట్లు నాటాడు. ఆ ఏడు వానలు మళ్ళీ వెనకపట్టాయి, సగానికి పైగా ఎండిపోయాయి. మిగతా వరసలు ఆ తరవాత బాగానే కాశాయని విన్నాను. ఆయన మాత్రం మా శాఖవాళ్ళు ఎవరొచ్చినా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది విని, ఏమీ చేయకుండా పంపేవాడట. డిప్యూటీ డైరెక్టరు గారికి రాష్ట్రం మారిన తరవాత ప్రమోషనొచ్చింది. ఆయన పదవీ విరమణ సభకు నాకూ ఆహ్వానం వచ్చింది. నేను పోలేదు. పోతే ఏమి మాట్లాడేవాణ్ణో నాకే భయం వేసింది.

ఆ ఉదంతం నాకు నేర్పింది చెప్తాను. ఒక్క అబద్ధం కూడా రాయకుండా పచ్చి అబద్ధం చెప్పొచ్చు, శాస్త్రం బాగా తెలిసినవాడికి అది ఇంకా సులువు. తరవాత నేను జిల్లా అధికారినయ్యాక, నా కిందివాళ్ళు ఏ పరీక్ష ఫలితం పంపినా ముందు ఫలితం చదివేవాణ్ణి కాదు. ఆకు ఏ వేళకు కోశారు, అప్పుడు ఎండ ఉందా, రాత్రి బస ఎవరింట్లో చేశారు అని అడిగేవాణ్ణి. ఆ మూడూ రాయని నివేదికను వెనక్కి పంపేవాణ్ణి. చాదస్తుడన్నారు, అననిచ్చాను. మనం రాసిన కాగితాన్ని నమ్మే రైతు దాన్ని దాచిపెట్టడు, గొడ్డలి తీసుకుని తోటకు పోతాడు. సంతకం పెట్టేవాడు ఆ సంగతి తెలిసి పెట్టాలి.